విదేశీ భాష నేర్చుకునేవారికి పరీక్ష ఎందుకు పెట్టాలి, ఎలా పెట్టాలి

ప్రశ్నపత్రం మొదలుపెట్టే ముందు ఒక వాక్యం రాసి ఎదురుగా పెట్టుకోండి: "ఈ మార్కు చూసి మేం ఫలానా నిర్ణయం తీసుకుంటాం." ఆ వాక్యం రాయడానికి చెయ్యి ఆడకపోతే పరీక్ష పెట్టే సమయం ఇంకా రాలేదు. పరీక్ష ఎంతసేపు ఉండాలి, ఏ రకం ప్రశ్నలు అడగాలి, ఎంత నిక్కచ్చిగా దిద్దాలి, ఎక్కడైనా పొరపాటు జరిగితే ఎవరికెంత నష్టం అన్నవన్నీ దాని నుంచే తేలతాయి. ప్రశ్నలు బాగా రాసీ పరీక్ష చెడగొట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. ఒక పని కోసం తయారుచేసిన పేపరును ఇంకో పనికి వాడేయడమే అందుకు కారణం.

ఈ వ్యాసంలో ఉదాహరణలు తెలుగును విదేశీ భాషగా నేర్చుకునేవారి కోసం రాసినవి. పద్ధతి మాత్రం ఏ భాషకైనా ఒకటే.

ఏ నిర్ణయానికి ఏ పరీక్ష

కొత్తగా చేరినవాళ్ళను ఏ బ్యాచ్‌లో కూర్చోబెట్టాలో చెప్పేది స్థాయి నిర్ణయ పరీక్ష. 30 నుంచి 45 నిమిషాలు చాలు. ప్రశ్నలు బాగా తేలిక నుంచి బాగా కష్టం దాకా పరుచుకుని ఉండాలి. ఇక్కడ చిన్న పొరపాటు జరిగినా మొదటి వారంలోనే బ్యాచ్ మార్చి సరిదిద్దుకోవచ్చు కాబట్టి, కచ్చితత్వం కన్నా త్వరగా ఫలితం రావడం ముఖ్యం. ఒక్క జాగ్రత్త తప్పదు. ఇంట్లో ఆ భాష వింటూ పెరిగినవాళ్ళు గడగడా మాట్లాడతారు, అక్షరం మాత్రం రాదు. పుస్తకం పట్టుకుని సొంతంగా నేర్చుకున్నవాళ్ళు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటారు. ఇద్దరి మార్కులూ కూడితే ఒకటే వస్తుంది, ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో పడతారు, ఇద్దరికీ ఆ బ్యాచ్ పనికిరాదు. అందుకే మాట్లాడే మార్కును, చదివే మార్కును కలపకుండా రెండుగానే చూడాలి.

ఎవరికి ఎక్కడ తడబాటుందో చూపేది లోపనిర్ధారణ పరీక్ష. దీనికి మొత్తం మార్కు అక్కర్లేదు. భూతకాలం, చతుర్థి, మనం–మేము తేడా, ఇలా ఒక్కో అంశానికి విడిగా లెక్క రావాలి. ఒక అంశం మీద ఒకే ప్రశ్న అడిగితే అది పరధ్యానమో, నిజంగా తెలియకపోవడమో చెప్పలేం. కనీసం 4 లేదా 5 ప్రశ్నలుండాలి. కాబట్టి ఒక సిట్టింగులో నాలుగైదు అంశాలకు మించి పెట్టుకోకండి.

క్లాసు నడుస్తుండగా పెట్టే చిన్న టెస్టులు నిర్మాణాత్మక మూల్యాంకనం కిందికి వస్తాయి. పది నిమిషాలు, గత రెండు మూడు పాఠాలు, వెంటనే జవాబులు. వీటికి మార్కులు నమోదు చేయడం మొదలుపెడితే విద్యార్థులు తెలియనిదాన్ని దాచడం మొదలుపెడతారు. అప్పుడు ఈ టెస్టు పెట్టిన ప్రయోజనమే పోతుంది.

కోర్సు చివర పెట్టేది సాధన పరీక్ష. ఇక్కడ ఎప్పుడూ వచ్చే చర్చ ఒకటుంది: ప్రశ్నలు పాఠ్యపుస్తకంలోంచి ఇవ్వాలా, బయటినుంచి ఇవ్వాలా? పుస్తకంలోని పేరానే ఇస్తే జ్ఞాపకశక్తికి మార్కులు పడతాయి. నేర్పని పదాలతో నిండిన పేరా ఇస్తే అన్యాయం. నేర్పిన పదాలతో, నేర్పిన వాక్య నిర్మాణాలతో కొత్తగా రాసిన పేరా ఇవ్వాలి. దానికి శ్రమ ఎక్కువే, కానీ కోర్సులో నేర్చుకున్నదాన్ని కొలవడానికి మరో దారి లేదు.

ఎక్కడ, ఎలా నేర్చుకున్నారన్నదాంతో సంబంధం లేకుండా ఇప్పుడు ఏం చేయగలరో చెప్పేది ప్రావీణ్య పరీక్ష. దీనికి బయటి కొలబద్ద ఒకటి కావాలి. ఎక్కువమంది వాడేది 2001లో యూరప్ కౌన్సిల్ ప్రచురించిన సీఈఎఫ్ఆర్. ఏ1 (ప్రారంభం) నుంచి సీ2 (అన్నిటికన్నా పైది) దాకా ఆరు స్థాయిలు, ఒక్కో స్థాయిలో "ఇది చేయగలరు" అన్న వర్ణనలు. 2020లో దాని అనుబంధ సంపుటం పూర్తి రూపంలో వచ్చింది. ఇలాంటి సర్టిఫికెట్లు చూసేటప్పుడు ఆ పరీక్షలో ఏ భాగాలున్నాయో తప్పకుండా చూడాలి. జపనీస్ భాషకు 1984 నుంచి జరుగుతున్న జేఎల్‌పీటీలో మాట్లాడే భాగమూ లేదు, రాసే భాగమూ లేదు. అందులో అన్నిటికన్నా పై స్థాయి ఎన్1 పాసయినవాళ్ళు చదవగలరని, విని అర్థం చేసుకోగలరని చెప్పవచ్చు. ఫోన్లో మాట్లాడే ఉద్యోగానికి ఎంచుకోవాలంటే మాత్రం ఆ కాగితం చాలదు, పక్కన పది నిమిషాల సంభాషణ పెట్టుకోవాలి.

భాష మొదలుపెట్టకముందే ఎంత వేగంగా నేర్చుకోగలరో అంచనా వేసేవి సహజ సామర్థ్య పరీక్షలు. కరోల్, సేపన్ 1959లో తెచ్చిన ఎంఎల్ఏటీ వీటిలో పేరున్నది. తెలియని శబ్దాలను గుర్తుపెట్టుకోవడం, వాక్యంలో పదం చేసే పనిని పోల్చుకోవడం లాంటివి అందులో ఉంటాయి. ఎవరికి ఎక్కువ సమయం, ఎక్కువ సాయం కావాలో తెలుసుకోవడానికి వాడితే మంచిదే. నేర్చుకోవాలని వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపేయడానికి వాడకూడదు.

ముందు పట్టిక, తర్వాతే ప్రశ్నలు

ఏ భాగానికి ఎన్ని నిమిషాలు, ఎన్ని ప్రశ్నలు, ఎన్ని మార్కులు అన్నది ఒక పట్టికగా వేసుకోకపోతే రాయడానికి తేలికైన ప్రశ్నలే పేపరంతా నిండిపోతాయి. అంటే వ్యాకరణం ఖాళీలు. ఏ2 స్థాయి కోర్సు చివరి పరీక్షకు ఒక నమూనా: వినడం 20 నిమిషాలు, 15 ప్రశ్నలు, 25 మార్కులు, చదవడం 30 నిమిషాలు, మూడు పేరాలు, 15 ప్రశ్నలు, 25 మార్కులు, రాయడం 30 నిమిషాలు, రెండు పనులు, 25 మార్కులు, మాట్లాడడం ఒక్కొక్కరికీ 10 నిమిషాలు, వేరే పూట, 25 మార్కులు. వ్యాకరణానికి విడి భాగం లేదు. రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు అది ఎలాగూ బయటపడుతుంది. విడిగా ఉండి తీరాలనుకుంటే 10 మార్కులు దాటనివ్వకండి.

ఇది పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. పరీక్షలో లేనిదాన్ని ఎవరూ చదవరు, చాలా క్లాసుల్లో నేర్పరు కూడా. మాట్లాడే పరీక్ష లేని కోర్సులో "మాట్లాడండి, మాట్లాడండి" అని టీచరు ఎంత చెప్పినా ఫలితం ఉండదు. అదే పది నిమిషాల మౌఖిక పరీక్ష ఉందని మొదటి రోజే చెబితే రెండో వారం నుంచి క్లాసు తీరే మారిపోతుంది.

ఆప్షన్ల ప్రశ్న: మూడు చాలు, కానీ మూడూ పనిచేయాలి

ఈ ప్రశ్న చూడండి.

నిన్న మేము సినిమాకి ______.
అ) వెళ్తాం  ఆ) వెళ్ళాం  ఇ) వెళ్ళారు

"అ" పెట్టినవాళ్ళకు కాలం పట్టుబడలేదు. "ఇ" పెట్టినవాళ్ళకు కాలం వచ్చింది, "మేము"కు తగిన క్రియ రూపం రాలేదు. తప్పు ఆప్షన్ ప్రతిదీ ఏదో ఒక నిజమైన తడబాటును పట్టుకోవాలి. నాలుగో ఆప్షన్ కోసం వెతికి వెతికి ఎవరూ పెట్టని పదం ఒకటి చేర్చడం కన్నా మూడింటితో ఆగడం మేలు. గుడ్డిగా పెట్టినా మూడింట ఒకటి తగులుతుందన్నది నిజమే. దాన్ని తట్టుకోవడానికి ప్రశ్నల సంఖ్య పెంచుకోవాలి.

ఇప్పుడు ఇది చూడండి.

ఆవిడ నిన్న ఊరినుంచి ______.
అ) వస్తుంది  ఆ) వచ్చింది  ఇ) వచ్చారు

జవాబుల కీలో "ఆ" అని రాసి ఉంటుంది. కానీ గౌరవంగా మాట్లాడితే "ఆవిడ వచ్చారు" నూటికి నూరుపాళ్ళు సరైనదే. ఈ లోపం సొంత భాష మాట్లాడేవాళ్ళు రాసిన ప్రశ్నల్లోనే ఎక్కువగా దొర్లుతుంది. రాసేవాళ్ళ తలలో ఒక సందర్భం ఉంటుంది, అది కాగితం మీద ఉండదు. "ఇ" స్థానంలో "వచ్చాడు" పెడితే సరిపోతుంది.

పేపరు పూర్తయ్యాక రెండు పనులు చేయండి. ఆ భాష బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురితో రాయించండి. వాళ్ళు ఏ ప్రశ్న దగ్గర ఆగి వాదించుకుంటారో ఆ ప్రశ్న తీసేయాల్సిందే. తర్వాత, చదివే భాగంలోని ప్రశ్నలను పేరా ఇవ్వకుండా ఇంకొకరికి ఇచ్చి జవాబులు పెట్టమనండి. మూడు ఆప్షన్లున్న 15 ప్రశ్నల్లో ఊహించి పెడితే 5 రావాలి. 9, 10 వచ్చాయంటే మీ ప్రశ్నలకు పేరా అవసరమే లేదు, లోకజ్ఞానంతో జవాబులు దొరుకుతున్నాయి. ఇవి కాక మామూలుగా దొర్లే పొరపాట్లు: సరైన జవాబు మిగతావాటికన్నా పొడవుగా ఉండడం, ఒక ప్రశ్న జవాబు ఇంకో ప్రశ్నలో కనబడడం, "కింది వాటిలో ఏది కాదు" అని అడిగి చదివే కంగారును పెంచడం.

ఖాళీలు: ఒకే పేరు, మూడు వేర్వేరు పరీక్షలు

టీచరు ఎంచి పెట్టిన ఖాళీ, టీచరుకు తెలిసిన అంశాన్నే కొలుస్తుంది. 1953లో విల్సన్ టేలర్ ప్రతిపాదించిన క్లోజ్ పద్ధతిలో ఎంపిక ఉండదు. మొదటి వాక్యం అలాగే ఉంచి, తర్వాత ప్రతి ఐదో పదమో ఏడో పదమో లెక్కప్రకారం తీసేస్తారు. ఏ పదం పోతుందో మీ చేతిలో ఉండదు కాబట్టి భాష మొత్తం మీద పట్టు ఎంతుందో తెలుస్తుంది. 40, 50 ఖాళీలు లేకపోతే ఫలితం నిలకడగా ఉండదు. దిద్దేటప్పుడు సరిగ్గా ఆ పదమే రాయాలా, అర్థానికీ వ్యాకరణానికీ కుదిరే ఏ పదమైనా సరేనా అన్నది ముందే తేల్చుకోండి. విదేశీ భాష నేర్చుకునేవాళ్ళకు రెండోదే న్యాయం. అలా చేస్తే దిద్దేవాళ్ళందరికీ ఒప్పుకోదగ్గ పదాల జాబితా ఒకటి ఇవ్వాలి, లేకుంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్కలో దిద్దుతారు.

1980ల మొదట్లో రాట్జ్, క్లైన్-బ్రేలీ తెచ్చిన సి-టెస్టు స్థాయి నిర్ణయానికి అన్నిటికన్నా చవకైన, నమ్మదగ్గ సాధనం. నాలుగైదు చిన్న పేరాలు, ఒక్కోదానిలో 20, 25 ఖాళీలు. మొదటి వాక్యం పూర్తిగా ఉంటుంది. రెండో వాక్యం నుంచి ప్రతి రెండో పదంలో చివరి సగం తీసేస్తారు. బేసి సంఖ్య అయితే పెద్ద సగం పోతుంది. తెలుగులో ఇది అక్షరాల లెక్కన చేయాలి:

ఉదయం నుంచి ఆగకుండా వాన పడుతోంది. అందుకే పి____ బడికి ఆల____ వెళ్ళారు.

"పిల్లలు"లో మూడక్షరాలు, రెండు పోయాయి. "ఆలస్యంగా"లో నాలుగు, రెండు పోయాయి. తెలుగులాంటి భాషల్లో ప్రత్యయాలన్నీ పదం చివరే పోగుపడతాయి కాబట్టి ఈ పరీక్ష పదసంపద కన్నా వ్యాకరణం వైపు మొగ్గుతుంది. దాన్ని సరితూచడానికి పక్కనే ఒక పదాల టెస్టు పెట్టండి. 60 నిజమైన పదాలు, 30 పదాల్లా కనిపించే కల్పిత పదాలు కలిపి ఇచ్చి "తెలుసు", "తెలియదు" అని టిక్కు పెట్టమనాలి. నిజమైన పదాల్లో "తెలుసు" శాతం లోంచి కల్పిత పదాల్లో "తెలుసు" శాతం తీసేస్తే వచ్చేది మార్కు. 80 శాతం, 20 శాతం అయితే 60. ఐదారు నిమిషాల్లో పూర్తవుతుంది, గొప్పలకు పోయి అన్నీ తెలుసని పెట్టినవాళ్ళు తేలిపోతారు.

డిక్టేషన్ పాతది, అయినా పనికొస్తుంది. మొదట మామూలు వేగంతో మొత్తం చదవాలి. రెండోసారి ఐదారు పదాల చొప్పున విరిచి, రాసుకునే సమయమిస్తూ చదవాలి. మూడోసారి మళ్ళీ మామూలు వేగంతో. పదం పదం విడగొట్టి నెమ్మదిగా చదివితే అది అక్షరదోషాల పరీక్షగా మారిపోతుంది. ఐదారు పదాలు ఒకేసారి విన్నప్పుడు వాక్య నిర్మాణం తెలిసినవాళ్ళకే అవి గుర్తుంటాయి, మిగతావాళ్ళకు తోక జారిపోతుంది.

వినడం

రాసిన వ్యాసాన్ని చదివి రికార్డు చేయకండి. రాతలో సమాచారం చిక్కగా ఉంటుంది, మాటలో అంత చిక్కదనం ఉండదు. ఇద్దరికి విషయాలు ఐదారు పాయింట్లుగా ఇచ్చి మాట్లాడుకోమని రికార్డు చేయండి. తడుముకోవడం, మళ్ళీ చెప్పడం, "ఆఁ", "అదే" లాంటివన్నీ ఉండనివ్వండి. ఏ2కు ఒక ముక్క 60 నుంచి 90 సెకన్లు చాలు. ప్రశ్నలు చదువుకోవడానికి ముందు 30 సెకన్లు ఇవ్వాలి, కింది స్థాయిల్లో రెండుసార్లు వినిపించాలి. ప్రశ్నల వరుస ఆడియో వరుసలోనే ఉండాలి. ఒక జవాబుకూ తర్వాతి జవాబుకూ మధ్య కనీసం పది సెకన్ల ఎడం లేకపోతే, మొదటిది రాస్తుండగానే రెండోది దాటిపోతుంది. ఆడియో మొదటి వాక్యంలోనే జవాబు పెట్టకండి, గొంతుకు అలవాటు పడడానికి చెవికి కొంత సమయం కావాలి.

జవాబు పూర్తి వాక్యంలో రాయమంటే రాయడం కూడా అందులో కలిసిపోతుంది, మార్కు దేనిదో తెలియదు. బొమ్మ ఎంచుకోవడం, అంకె రాయడం, ఒక్క మాట రాయడం చాలు. రాసిన మాటలో అక్షరదోషమున్నా ఏ మాటో పోల్చుకోగలిగితే పూర్తి మార్కు. ప్రారంభ స్థాయిలో శబ్దాల తేడా వినగలుగుతున్నారో లేదో చూడాలంటే గది–గడి, పడు–పాడు లాంటి జంటల్లో ఒకటి పలికి, విన్నది గుర్తించమనండి. పరీక్ష రోజు గది వెనక వరుసలో మీరే కూర్చుని ఒకసారి విని చూడటం మరవకండి.

మాట్లాడడం

ఇద్దరు కావాలి: ఒకరు మాట్లాడించడానికి, ఒకరు మౌనంగా కూర్చుని మార్కులు వేయడానికి. ఒక్కరే ఉంటే రికార్డు చేసి తర్వాత విని మార్కులు వేయాలి. అడుగుతూ, వింటూ, మార్కులు వేస్తూ ఉంటే మూడూ చెడతాయి.

అమెరికాలోని విదేశీ భాషల బోధన సంస్థ ఏసీటీఎఫ్ఎల్ వాడే మౌఖిక పరీక్షలో నాలుగు దశలుంటాయి, ఆ క్రమం ఎక్కడైనా పనికొస్తుంది. మొదట బెరుకు పోవడానికి తేలిక మాటలు. తర్వాత ఆ వ్యక్తి ఏ స్థాయిలో నిలకడగా మాట్లాడగలరో చూసే ప్రశ్నలు. ఆ తర్వాత ఒక మెట్టు పైకి వెళ్ళి, ఎక్కడ మాట తడబడి ఆగిపోతుందో చూసే ప్రశ్నలు. చివర మళ్ళీ తేలిక మాటలు. పది నిమిషాల పరీక్షకు ఇవి 1, 4, 4, 1 నిమిషాలుగా వస్తాయి. మూడో దశ వదిలేయడమే అందరూ చేసే పొరపాటు. ఎంత చేయగలరో తెలిసింది, ఎక్కడ ఆగుతారో తెలియలేదంటే స్థాయి ఇంకా తేలనట్టే. తడబడినచోటే వదిలేసి పంపకండి, నాలుగో దశ ఉన్నది అందుకే.

మాట్లాడించేవాళ్ళ ప్రవర్తన మీదే మార్కు సగం ఆధారపడుతుంది. అందుకే ప్రశ్నలు రాసిపెట్టుకుని అందరికీ ఒకే తీరుగా అడగాలి. "అవును", "కాదు"తో ముగిసే ప్రశ్నలు వద్దు. జవాబు రాకపోతే మనసులో ఐదు లెక్కపెట్టి, అదే ప్రశ్నను ఒక్కసారి వేరే మాటల్లో అడగాలి. వాక్యం మధ్యలో ఆగినప్పుడు పదం అందించకూడదు. టీచర్లకు ఇది చాలా కష్టం, అలవాటు కొద్దీ అందించేస్తారు. "చాలా బాగా చెప్పారు" అని ఒకరితో అని ఇంకొకరితో అనకపోతే రెండోవాళ్ళు కుంగిపోతారు, కాబట్టి ఎవరితోనూ అనకుండా "సరే, తర్వాత..." అని సాగిపోవాలి.

"మీ కుటుంబం గురించి చెప్పండి" అంటే బట్టీపట్టిన పేరా వినబడుతుంది. దాన్ని సాంతం విననవసరం లేదు. "మీ అన్నయ్యకూ మీకూ ఏ విషయంలో పడదు?" అని మధ్యలో ఒక చిన్న వివరం అడిగితే అసలు భాష బయటికొస్తుంది. ఇంకొకటి, ఇంటర్వ్యూలో విద్యార్థి జవాబులే చెబుతారు, ప్రశ్నలు అడిగే అవకాశం రాదు. రెండు నిమిషాల పాత్రాభినయం చేర్చండి: "మీరు గది అద్దెకు తీసుకోవాలి, నేను యజమానిని, మీకు కావలసిన నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి." ప్రశ్న వాక్యాలు, మర్యాద మాటలు ఇందులోనే తెలుస్తాయి. ఇద్దరు విద్యార్థులను జతగా కూర్చోబెట్టే పద్ధతిలో సంభాషణ సహజంగా సాగుతుంది, కానీ ఒకరి స్థాయి మరొకరి మార్కును లాగేస్తుంది. జత మార్చి రెండుసార్లు పెట్టే వీలుంటేనే ఆ దారి పట్టండి.

వందమందిని మాట్లాడించే తీరిక లేకపోతే వాక్యాలు విని తిరిగి చెప్పించే పద్ధతి ఉంది. 7 అక్షరాల వాక్యంతో మొదలుపెట్టి దాదాపు 20 అక్షరాల దాకా పెంచుతూ 25, 30 వాక్యాలు రికార్డు చేస్తారు. విన్నాక రెండు సెకన్లు ఆగి చెప్పాలి. పొట్టి వాక్యాన్ని చిలకపలుకుల్లా ఎవరైనా అనేస్తారు. పొడవు పెరిగాక వాక్యం అర్థమైనవాళ్ళే తిరిగి కట్టగలరు. ఒక్కో వాక్యానికి 0 నుంచి 4: అక్షరాలా చెబితే 4, అర్థం చెడకుండా చిన్న మార్పుతో చెబితే 3, సగానికి పైగా చెప్పినా అర్థం చెడితే 2, సగంలోపు చెబితే 1, ఒకటి రెండు పదాలకు మించకపోతే 0.

రాయడం, దిద్దడం

పని ఇది: "మీరు రేపు క్లాసుకి రాలేరు. టీచరుకు 15 నుంచి 20 పదాల సందేశం పంపండి. కారణం చెప్పండి, హోంవర్క్ అడగండి, మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పండి." ఎవరికి, ఎందుకు, ఎంత, ఏమేం ఉండాలి అన్న నాలుగూ ఉన్నాయి. "వర్షాకాలం గురించి రాయండి" అంటే ఇవేవీ ఉండవు, దిద్దేవాళ్ళు దేనికి మార్కు వేయాలో తెలియక అక్షరదోషాలు లెక్కపెడతారు.

వచ్చిన జవాబు ఇలా ఉందనుకుందాం: "సార్, నమస్కారం. నేను రేపు క్లాసుకి రాదు. నేను జ్వరం ఉన్నాను. హోంవర్క్ ఏమిటి చెప్పండి. నేను శుక్రవారం వచ్చాను. ధన్యవాదాలు."

ఎర్ర సిరాతో చూస్తే మూడు తప్పులు, మూడూ సమానం. చదివే మనిషిగా చూస్తే అలా కాదు. "రాదు", "జ్వరం ఉన్నాను" దగ్గర ఎవరూ తికమకపడరు, విషయం అందుతుంది. "వచ్చాను" దగ్గర మాత్రం వచ్చేశారా, రాబోతున్నారా అని ఆగాల్సి వస్తుంది, అడిగిన మూడో విషయమే చేరలేదు. నాలుగు అంశాలకు 0 నుంచి 4 వేసే పట్టిక ఉంటే దీనికి: పని పూర్తిచేయడం 3, పదాలు 3, వ్యాకరణం 2, పలకరింపు, మర్యాద, వరుస 4. మొత్తం 16కు 12. ఏ అంశంలో 2 అంటే ఏమిటి, 3 అంటే ఏమిటన్నది పట్టికలో ఒక్కో వాక్యంగా రాసి ఉండాలి. "బాగుంది", "పర్వాలేదు" లాంటి మాటలకు తావుండకూడదు. "తప్పులున్నా ఒక్కసారి చదివితే అర్థమవుతుంది" అన్నది కొలవగల మాట.

దిద్దే ముందు అందరూ కలిసి అయిదారు పేపర్లు విడివిడిగా దిద్ది, మార్కులు పోల్చుకుని, తేడా వచ్చినచోట పట్టిక ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి. పేర్లు కనబడకుండా మడవండి. ఒక విద్యార్థి పేపరు మొత్తం కాకుండా మొదటి పని అందరిదీ, ఆ తర్వాత రెండో పని అందరిదీ దిద్దండి, మొదటిది బాగుందన్న అభిమానం రెండోదానికి పాకదు. ప్రతి పేపరూ ఇద్దరు దిద్దాలి. 16కు 2 మార్కులు దాటి తేడా వస్తే మూడోవాళ్ళు చూడాలి. వీలు కాకపోతే కనీసం పాస్ గీతకు అటూ ఇటూ ఉన్న పేపర్లయినా ఇద్దరు చూడాలి. ఏ ప్రాంతపు మాటతీరైనా అది తప్పు కాదని ముందే ఒప్పందానికి రండి: "వచ్చాడు", "వచ్చిండు" రెంటికీ ఒకటే మార్కు.

ఇంటి దగ్గర రాసి తెచ్చినదానికి సర్టిఫికెట్ మార్కు వేయకండి. అనువాద యాప్‌లు, ఏఐ సాధనాలు అందుబాటులో ఉన్నప్పుడు ఆ రాత ఎవరిదో చెప్పలేం. సాధనగా రాయించి, మూడు నిమిషాలు కూర్చోబెట్టి "ఇక్కడ ఈ మాట ఎందుకు వాడారు, ఇదే సంగతి ఫోన్లో ఎలా చెబుతారు" అని మాట్లాడించండి.

పాస్ గీత ఎక్కడ?

35 శాతమో 50 శాతమో అని ముందే గీసిన గీతకు భాషతో సంబంధం లేదు. పేపరు కష్టంగా వస్తే అదే గీత అన్యాయమవుతుంది. 1971 నుంచి వాడుకలో ఉన్న ఆంగాఫ్ పద్ధతిలో, ఆ స్థాయి బాగా తెలిసిన టీచర్లు ఐదుగురైనా కూర్చుని, "బొటాబొటీగా పాసవ్వాల్సిన" విద్యార్థి ఎలా ఉంటారో ముందు మాట్లాడుకుంటారు. అలాంటివాళ్ళు వందమంది ఉంటే ఈ ప్రశ్నకు ఎంతమంది సరిగ్గా జవాబిస్తారు అని ప్రతి ప్రశ్నకూ ఎవరికివారే అంకె వేస్తారు. ప్రశ్నవారీ సగటులు కూడితే గీత వస్తుంది. 40 ప్రశ్నల సగటులు కూడితే 24.6 వచ్చిందనుకోండి, గీత 25.

మార్కులు వచ్చాక

ప్రతి ప్రశ్నకూ రెండు లెక్కలు తీయండి. మొదటిది, ఎంతమంది సరిగ్గా పెట్టారు. సాధారణంగా 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే ప్రశ్న మనుషులను బాగా విడదీస్తుంది. నేర్పినది వచ్చిందో లేదో చూసే సాధన పరీక్షలో 90 శాతం వచ్చినా తప్పేం లేదు. రెండోది, మొత్తం మార్కుల్లో పైనున్న 27 శాతం, కిందున్న 27 శాతం మందిని పోల్చడం. 30 మంది రాస్తే ఎనిమిదేసి మంది. పైవాళ్ళలో 7, కిందివాళ్ళలో 3 సరిగ్గా పెడితే 4ను 8తో భాగిస్తే 0.5, మంచి ప్రశ్న. 0.3 దాటితే సరే. పైవాళ్ళలో 3, కిందివాళ్ళలో 5 అయితే అంకె రుణాత్మకం. బాగా వచ్చినవాళ్ళే తప్పు పెడుతున్నారంటే ముందు కీ చూడండి, తర్వాత రెండో సరైన జవాబు ఉందేమో చూడండి. "ఆవిడ వచ్చారు" లాంటివి ఇక్కడ దొరుకుతాయి. ఆ ప్రశ్న తీసేసి అందరి మార్కులూ మళ్ళీ లెక్కకట్టాలి. 30 మంది లెక్కల్లో ఒడిదుడుకులు సహజం కాబట్టి వీటిని హెచ్చరికగా తీసుకుని ప్రశ్నను కళ్ళతో చదివి నిర్ణయించండి.

పేపరు మొత్తం విశ్వసనీయతను, అంటే మళ్ళీ పెట్టినా ఇంచుమించు అవే మార్కులు వస్తాయా అన్నదాన్ని, కేఆర్-21 అనే సూత్రంతో చేత్తోనే లెక్కకట్టవచ్చు. 40 ప్రశ్నలు, సగటు 26, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 6 అనుకుందాం. 40 లోంచి 26 తీస్తే 14, 26ను 14తో గుణిస్తే 364. విచలనం వర్గం 36ను 40తో గుణిస్తే 1440. 364ను 1440తో భాగించి 1 లోంచి తీస్తే 0.747. దాన్ని 40తో గుణించి 39తో భాగిస్తే 0.77. ఈ సూత్రం అన్ని ప్రశ్నలూ సమాన కష్టమని అనుకుంటుంది కాబట్టి అసలు విలువ కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది. క్లాసు అవసరాలకు 0.7 చాలు. ఒకరి చదువో ఉద్యోగమో దాని మీద ఆధారపడితే 0.9 కావాలి.

ఆ అంకె నుంచే, ఒక మార్కు అటూ ఇటూ ఎంత ఊగవచ్చో చెప్పే ఇంకో అంకె వస్తుంది: 1 లోంచి 0.77 తీస్తే 0.23, దాని వర్గమూలం సుమారు 0.48, విచలనం 6తో గుణిస్తే దాదాపు 3. అంటే 25 వచ్చిన వ్యక్తి అసలు సామర్థ్యం 22 నుంచి 28 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. గీత 25 అయినప్పుడు 24 వచ్చినవాళ్ళను ఆ ఒక్క మార్కు పేరిట ఫెయిల్ చేయడానికి ఈ పేపరు సాక్ష్యం సరిపోదు. 22 నుంచి 28 మధ్య ఉన్నవాళ్ళ రాత పేపరు రెండోసారి చూసి, మాట్లాడిన రికార్డు మళ్ళీ విని నిర్ణయించాలి.

ఫలితం చెప్పేటప్పుడు ఒక్క అంకె ఇచ్చి పంపకుండా నాలుగు నైపుణ్యాలకు నాలుగు మార్కులు, ఒక్కోదాని పక్కన ఒక వాక్యం ఇవ్వండి: "తెలిసిన విషయాల మీద సందేశాలు రాయగలరు, జరిగినదీ జరగబోయేదీ చెప్పేటప్పుడు క్రియలు కలిసిపోతున్నాయి." ఈ వాక్యం రాయడానికి ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పట్టిక ప్రకారం దిద్ది ఉంటే చేతిలో ఉన్నదాన్నే మాటల్లో పెట్టడం కాబట్టి 30 మంది క్లాసుకు ఒక పూటలో తేలిపోతుంది. నిలిచిన ప్రశ్నలను వాటి రెండు అంకెలతో, వాడిన తేదీతో సహా ఒక షీట్‌లో దాచుకోండి. అదే సంస్థలో రెండు బ్యాచ్‌ల వరకు వాటిని మళ్ళీ వాడకండి.